కోడి లేని బరి

మొన్న సంక్రాంతి మూడు రోజులూ మా మేనల్లుడు బరి వైపు తొంగి చూడలేదు. కోనసీమలో, అందులోనూ మురమళ్ళకు కాస్త దూరంలో ఉన్న ఊళ్ళో, ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు భోగినాడు కోడిపందానికి పోలేదంటే అది చిన్న సంగతి కాదు. మా అక్కయ్య ఆ మాట వచ్చిన చుట్టానికల్లా చెప్పుకుంది. "మావాడికి ఆ యావ లేదురా తమ్ముడూ! మేడ మీద కూర్చుని ఏదో చదువుకుంటున్నాడు" అంది.

నేను అరిసెల పళ్ళెం పట్టుకుని మేడ ఎక్కాను. చదువుకుంటున్న మాట నిజమే. సెల్‌ఫోనులో చదువుతున్నాడు. ఏ దేశంలో ఏ జట్టు ఏ జట్టుతో ఆడుతోందో, దేని మీద ఎంత కాస్తే ఎంత వస్తుందో, ఆ పట్టికలు!

"ఇదేమిట్రా, పందెమేనా?" అన్నాను.

"పందెం కాదు మావయ్యా, పరీక్ష" అన్నాడు.

ఇరవై ఏళ్ళుగా పరీక్షలు పెట్టి, దిద్ది, తిట్లు తిన్నవాణ్ణి. ఆ మాట వినేసరికి అక్కడే చాప మీద చతికిలబడ్డాను. ఆ సాయంత్రం వాడు చెప్పినదీ, రాజమండ్రి వచ్చాక నేను తెలుసుకున్నదీ పాఠకులకు మనవి చేస్తాను. ఇలాంటి బుద్ధిమంతుడైన కుర్రాడు మీ మేడ మీద కూడా ఉండవచ్చు.

విదేశాలలో కొన్ని సంస్థలు ఉన్నాయి. మొదట ఇవి డాలర్లు, యూరోల మారకం మీద బేరాలు చేసేవారి కోసం పుట్టాయి. తర్వాత ఆ పద్ధతే ఆటల పందాలకూ పాకింది. వాళ్ళు చెప్పేది వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. "నీ దగ్గర నేర్పు ఉంది, డబ్బు లేదు. మా దగ్గర డబ్బుంది. నీ నేర్పు పరీక్షలో నిరూపించు. తర్వాత మా డబ్బుతో ఆడు. లాభంలో నూటికి ఎనభై నీకు, ఇరవై మాకు. నష్టం వస్తే మాది." పేదింటి తెలివైన పిల్లవాడికి ఇంతకంటే తీయని మాట ఏముంటుంది?

పరీక్షకు రుసుము ఉంటుంది. మావాడు కట్టినది, మన లెక్కలో చెప్పాలంటే, ఎనిమిది వేల రూపాయలు. దానికి వాళ్ళు లక్ష రూపాయల ఖాతా తెరిచారు. ఆ లక్ష ఉత్త అంకె; దానితో పావుశేరు పంచదార కూడా రాదు. ఆ అంకెను లక్షా ఇరవై వేలు చేస్తే ఉత్తీర్ణుడు. తొంభై వేలకు దిగిందో, ఖాతా మూసేస్తారు. ఒక్కొక్క పందెం రెండు వేలకు మించరాదు. ఒక రోజులో ఇంతకంటే పోగొట్టుకోరాదు, ఇన్ని పందాలైనా కాయాలి, ఇన్ని రోజుల్లో ముగించాలి. సంస్థ సంస్థకూ అంకెలు మారతాయిగాని అచ్చు ఒకటే.

ఇప్పుడు మన బరి సంగతి చూడండి. కోడిపందాన్ని నేను సమర్థించడం లేదు. మా పెదనాన్నగారు ఐ.భీమవరం బరిలో ఒక సంక్రాంతికి అరెకరం మాగాణి వదిలి వచ్చారు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు డేగ, కాకి, నెమలి, పచ్చకాకి రంగుల పేర్లు అక్షరాలతో పాటే వచ్చాయి. కుక్కుటశాస్త్రం చూసి ఏ పూట ఏ రంగు గెలుస్తుందో చెప్పే పెద్దలను చూశాను. వాళ్ళు ఓడడమూ చూశాను. పైగా కాలికి కత్తి కట్టిన ఆ మూగజీవం నిమిషాల్లో నెత్తురు కక్కి పడిపోతుంటే చూడలేక మొహం తిప్పుకున్నవాణ్ణి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమూ, 1974 నాటి గేమింగ్ చట్టమూ రెండూ దాన్ని కాదంటాయి. 2016లో ఉమ్మడి హైకోర్టూ కాదన్నది.

అయినా బరిలో ఒక సంగతి ఉంది. కోడిని పెంచేవాడు ఒకడు, డబ్బు పెట్టేవాడు మరొకడు కావడం అక్కడ మామూలే. పెంచేవాడు బాదంపప్పు, కైమా, గుడ్లు పెట్టి, ఈత కొట్టించి కోడిని తయారుచేస్తాడు. పెట్టుబడిదారు నోట్ల కట్టలతో వస్తాడు. కోడి ఓడిందా, ఆ కట్టలు అక్కడికక్కడే చేతులు మారిపోతాయి. అందుకని వాడు కోడి రెక్క ఎత్తి చూస్తాడు, కాలు పట్టి చూస్తాడు, పెంచినవాణ్ణి నిలదీస్తాడు. వాడి ప్రాణం ఆ కోడి మీద ఉంటుంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్ళితే, మా రాజమహేంద్రవరంలో కూర్చునే నన్నయగారు సభాపర్వం రాశారు. అందులోని జూదం ఎలాంటిది? పందెం ఒడ్డేవాడు దుర్యోధనుడు, పాచికలు వేసేవాడు శకుని. ఒకరి కోసం మరొకరు ఆడడం సరికాదని ధర్మరాజు అభ్యంతరం చెప్పినా, చివరికి కూర్చున్నాడు. పరుల సొమ్ముతో ఆడిన నేర్పరి అంటే శకునిని మించినవాడెవడు? అతడూ మేనమామే కాబట్టి ఈ విషయం మాట్లాడే అర్హత నాకూ కొంత ఉందనుకుంటాను. అయితే శకుని ఓడి ఉంటే దుర్యోధనుడి రత్నాలు నిజంగానే పోయేవి.

"మరి నువ్వు ఓడితే ఆ సంస్థవాడికి ఏం పోతుందిరా?" అని అడిగాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. "ఏం పోదు మావయ్యా" అన్నాడు.

పోకపోగా వస్తుంది. ఓడినవాడు మళ్ళీ ఎనిమిది వేలు కడతాడు. గెలిచిన తర్వాత ఇచ్చే ఖాతాలోనూ నిజమైన డబ్బు ఉండదనీ, అదీ నమూనా ఖాతాయేననీ చాలా సంస్థల నిబంధనలలో అడుగున రాసి ఉంటుంది. అంటే గెలిచినవాడికి ఇచ్చే సొమ్ము ఓడినవాళ్ళ రుసుములలోంచి రావాలి. నష్టం మాది అన్న మాటకు అర్థం ఇదీ.

నాకు ఛందస్సు గణాలు తప్ప గణితం రాదు. మా కాలేజీలో గణితశాఖ మిత్రుడొకరు ఉన్నారు. ఆయన ముందు ఈ నియమాలు పెట్టాను. రోజువారీ షరతులు పక్కన పెట్టి, ఒక్క ఇరవై వేల పైమెట్టూ పది వేల కిందిమెట్టూ మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. కాఫీ చల్లారేలోపు తేల్చారు.

సమానమైన రెండు జట్ల మీద పందెం కాస్తే నూటికి నూరు లాభం రాదు, తొంభై, తొంభై ఒకటి వస్తుంది. ఆ తేడా పందాలవాడి కమీషను. అంటే ప్రత్యేకమైన నేర్పు లేనివాడికి కాసిన ప్రతి వందకూ నాలుగున్నర రూపాయలు కరిగిపోతూ ఉంటాయి. ఈ కరుగుదల లేకపోయినా, పది వేలు పోకముందు ఇరవై వేలు గెలిచేవాడు ముగ్గురిలో ఒకడు. కరుగుదలతో చూస్తే ఐదుగురిలో ఒకడు కూడా కాడు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది చివరి లెక్క. నూటికి యాభై అయిదు పందాలు గెలవగల అసలు సిసలు నేర్పరి అయినా, ఈ పరీక్షలో ఇంచుమించు సగం సార్లు తప్పుతాడు! నేను అలాంటి ప్రశ్నపత్రం పెట్టి ఉంటే పిల్లలు ప్రిన్సిపాలుగారి గది ముందు బైఠాయించి ఉండేవారు.

ఆయనే ఇంకో లెక్కా వేశారు. వందమంది మామూలు కుర్రాళ్ళు చేరితే రుసుము ఎనిమిది లక్షలు. గట్టెక్కేవారు పద్దెనిమిది మంది. వాళ్ళలో మళ్ళీ అయిదు వేల లాభం చూపి మొదటి పంపకం దాకా వచ్చేవారు పదిమంది అనుకుందాం. ఒక్కొక్కరికి నాలుగు వేల వాటా, కట్టిన రుసుము వాపసు, వెరసి లక్షా ఇరవై వేలు. మిగిలింది ఎవరిదో చెప్పనక్కరలేదు.

"ఇది అదృష్టం కాదు మావయ్యా, నైపుణ్యం. రమ్మీకి సుప్రీంకోర్టే ఒప్పుకుంది" అన్నాడు మావాడు ఫోనులో. కుర్రాడు అన్నీ చదివాడు. ఒప్పుకున్న మాట నిజమే, అది 1967లో, మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే. కాని మన గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలనూ అందులోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బు కట్టి డబ్బు వస్తుందన్న ఆశతో ఆన్‌లైనులో ఆడే ఆట నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా ఒకటే అన్నది. అలాంటి ఆట నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. నడిపేవాడు సముద్రాల అవతల ఉన్నప్పుడు ఆ జైలు ఎవరికో నాకు తోచదు.

ఈ చట్టం సంగతి విని వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఏడుసార్లు కట్టాడు. ఆరుసార్లు తప్పాడు. ఏడోసారి నిజంగానే నెగ్గాడు! తర్వాతి ఖాతాలోనూ లాభం చూపి తన వాటా అడిగాడు. లాభంలో నూటికి ముప్ఫై కంటే ఎక్కువ ఒకే పందెంలో వచ్చింది, నియమం ఉల్లంఘించావు, అని జవాబు వచ్చింది. ఖాతా మూసేశారు. ఎవరిని అడగాలి? బరిలోనైతే చొక్కా పట్టుకుని అడగడానికి మనిషైనా ఎదురుగా ఉంటాడు.

"ఏడెనిమిదులు యాభై ఆరు వేలు. ఎక్కడివిరా?" అన్నాను.

గేట్ పరీక్ష కోచింగుకని అక్కయ్య చీటీ పాడి ఇచ్చిన డబ్బు.

"అమ్మకు నువ్వు చెప్పకు మావయ్యా, నేనే చెబుతాను" అన్నాడు. సరేనన్నాను. కిందటి ఆదివారం ముమ్మిడివరం బస్సు ఎక్కాడు. రాత్రి తొమ్మిదింటికి అక్కయ్య ఫోను చేసింది. ఏడుస్తుందేమో, నన్ను కూడా తిడుతుందేమో అనుకుంటూ ఎత్తాను. "వాడు చెప్పాడురా" అంది. కాసేపు ఊరుకుని, "ఆ చీటీ ఇంకా పదకొండు నెలలు కట్టాలి" అంది.