నాపీల ఖర్చు, అవ్వల పొత్తిగుడ్డలు

డర్బన్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా, నాపీల అర ముందు ఒక అమ్మ మనసులో లెక్కలు వేసుకుంటూ కనబడుతుంది. పెద్ద ప్యాకెట్ కొనాలా, చిన్నది కొనాలా? ప్యాకెట్ ధర ఒక్కటే చూస్తే తేలదు. ధరను లోపలి నాపీల సంఖ్యతో భాగించండి. ఒక్క నాపీ ఎంత పడుతుందో తెలుస్తుంది. ఒక్కోసారి పెద్ద ప్యాకెట్ కంటే, ఆ వారం ధర తగ్గించిన చిన్న ప్యాకెట్టే చవక.

ఒక నాపీ మూడు రాండ్లు అనుకుందాం. రోజుకు ఆరు వాడితే నెలకు 540 రాండ్లు. 2025 ఏప్రిల్‌లో పెంచాక చైల్డ్ సపోర్ట్ గ్రాంటు నెలకు 560 రాండ్లు అయింది. ఆ గ్రాంటే ఆధారమైన ఇంట్లో పాలకు, తిండికి మిగిలేది ఇరవై రాండ్లు! దీనికి తోడు నాపీల మీద 15 శాతం వ్యాట్ ఉంది. ఆ పన్ను తీసేయమని 2018లో నిపుణుల బృందం ప్రభుత్వానికి చెప్పింది. 2019 ఏప్రిల్ 1 నుంచి శానిటరీ ప్యాడ్ల మీద తీసేశారు, కేకు పిండి మీద కూడా తీసేశారు. నాపీల మీద మాత్రం ఉంచారు. కేకు కంటే నాపీ అవసరం తక్కువా?

మన అవ్వల కాలంలో ఈ ఖర్చే లేదు. పాత చీర, పాత పంచె చింపి పొత్తిగుడ్డలు చేసేవారు. పాత నూలు గుడ్డ మెత్తగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. "పొత్తిళ్లలో బిడ్డ" అనే మాట మీరు విని ఉంటారు. పొత్తిళ్లు అంటే పసిబిడ్డ కింద వేసే, బిడ్డకు చుట్టే మెత్తటి గుడ్డలు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పాలు తాగిన కాసేపటికి అవ్వ కాళ్లు చాపి కూర్చుని, బిడ్డను తన పాదాల మీద కూర్చోబెట్టి "ఉస్స్" అనేది. కొన్నాళ్లకు బిడ్డకు ఆ శబ్దం అలవాటయ్యేది. రోజుకు రెండుసార్లు ఇలా కుదిరినా రెండు నాపీలు మిగిలినట్టే.

ఇప్పుడు అన్నీ గుడ్డలే వాడమంటే కుదరదు. ఉద్యోగానికి వెళ్లే తల్లికి ఉతికే తీరిక ఉండదు. చాట్స్‌వర్త్ ఫ్లాట్లలో అందరికీ బట్టలు ఆరేసే తీగ ఉండదు. క్రెష్‌లో గుడ్డ నాపీలు వద్దనవచ్చు. అందుకే ఇంట్లో ఉన్నప్పుడు పగలు గుడ్డ, రాత్రి కొన్న నాపీ వాడితే సులువు. టవల్ నాపీలు ఇరవై ఉంటే చాలు, తరువాతి బిడ్డకూ పనికొస్తాయి. ఉతికేటప్పుడు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, వేస్తే గుడ్డ తడి పీల్చదు. ఎండలో ఆరేస్తే మరకలు వెలిసిపోతాయి.

ఒక్క చోట మాత్రం పొదుపు వద్దు. తడి నాపీని ఇంకో గంట ఉంచుదాం అనుకుంటే బిడ్డ చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. మందుల ఖర్చు నాపీ ఖర్చును మించుతుంది.

బిడ్డను చూడటానికి వచ్చే అత్తలు, పిన్నులు "ఏం తెమ్మంటావమ్మా?" అని అడుగుతారు. మొహమాటపడకండి, నాపీలే తెమ్మనండి. అందరూ పుట్టిన బిడ్డ సైజే తెస్తారు, అది కొద్ది వారాలకే బిగుతవుతుంది. ఒక సైజు పెద్దవి తెమ్మని ముందే చెప్పండి.