దీపాలు లెక్కపెడితే జనం తెలుస్తారా?

సాయంత్రం దీపం పెట్టి డాబా ఎక్కితే మా బహదూర్‌పురా రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఒకవైపు కిక్కిరిసిన ఇళ్ళ వెలుగు, రెండోవైపు జూపార్కు, మీరాలం చెరువు చీకటి. ఈ దృశ్యాన్నే ఉపగ్రహాలు పైనుంచి చూస్తున్నాయి సుమండీ!

అమెరికా వాతావరణ ఉపగ్రహాలు రాత్రిపూట మబ్బుల కోసం తీసిన బొమ్మల్లో ఊళ్ళ దీపాలూ పడ్డాయి. 1992 నుంచి అవి వరసగా భద్రపరచి ఉన్నాయి. 2011లో పంపిన సుయోమి అనే ఉపగ్రహం ఇంకా బాగా చూస్తుంది. అయితే అది మన నెత్తిమీదికి వచ్చేది రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో. అప్పటికి మన వంటింటి దీపం ఆరిపోయి ఎంతసేపైందో!

ఎందుకీ తంటా అంటారా? మనకు 2011 తర్వాత 2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల వాయిదా పడ్డాయి. ఈలోపల పుట్టినవాళ్ళు, పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు ఎందరు? రేషనుకు, నీళ్ళకు, బడికి ఆ అంకే కదా ఆధారం. అందుకని వెలుగు ఎటు పాకిందో చూసి ఊరు ఎటు పెరిగిందో అంచనా కడతారు. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారు 2012తో పోలిస్తే 2021 నాటికి దేశంలో రాత్రి వెలుగు 43 శాతం పెరిగిందన్నారు. జనం 43 శాతం పెరిగారని కాదండోయ్!

చిక్కంతా ఇక్కడే. సుయోమి బొమ్మలో ఒక్కో చుక్క సుమారు 750 మీటర్ల చదరం. 2011లో హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు మంది. అంటే ఒక్క చుక్కలో పదివేలమంది! శంషాబాదు విమానాశ్రయం ధగధగలాడుతుంది, అక్కడ కాపురాలేవీ? మా గల్లీలో ఒక్క ట్యూబులైటు కింద మూడు తరాలు బతుకుతాయి.

ఎల్.ఇ.డి. దీపాల్లోని నీలి వెలుగు దాని కంటికి ఆనదు. కొత్త దీపాలతో వీధి మనకు తెల్లగా మెరుస్తున్నా, దానికి మసకబారినట్టే ఉంటుంది. ఇక రంజాన్ నెలలో పశ్చిమాసియా నగరాలు కొన్నింట వెలుగు సగానికి పైగా పెరుగుతుందని 2014లో నాసా వారు చెప్పారు. తెల్లవార్లూ దుకాణాలు తెరిచి ఉండే మా పాతబస్తీ సంగతి వేరే చెప్పాలా?

కనుక ఆ శాస్త్రజ్ఞులు కూడా దీపాలనొక్కటే నమ్మరు. పగటి బొమ్మల్లోని ఇంటి కప్పులను, పాత జనాభా అంకెలను పక్కన పెట్టుకుని సరిచూస్తారు. లెక్కలవాళ్ళు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మేడమీది గదిలో అద్దెకున్న కుర్రాళ్ళను మరచిపోకుండా చెప్పండి. వాళ్ళ దీపం పదింటికే ఆరిపోతుంది.