మీకు తెలుసా? గండికోట పడకపోయి ఉంటే...

ఓడినవాడు గెలిచాడని, పడిన కోట పడలేదని ఊహించి, అక్కడి నుంచి లోకం ఎలా నడిచేదో చెప్పే కథల్ని ప్రత్యామ్నాయ చరిత్ర కథలంటారు. ఇంగ్లీషులో వీటికి పెద్ద పాఠకలోకం ఉంది. మరాఠీలోనూ మంచి కథ ఉంది. తెలుగులో ఇలాంటివి రాయాలనుకునేవాళ్లు ముడిసరుకు కోసం దూరం పోనక్కర్లేదు, కడప జిల్లా ఎర్రగుంట్లకు వస్తే చాలు.

ఎర్రగుంట్ల అనగానే సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్లు, ముంబై–చెన్నై రైలు మార్గం గుర్తొస్తాయి. ఇక్కడి నుంచి నంద్యాలకు 2016లో ఇంకో లైను మొదలైంది. ఆ రైలెక్కితే జమ్మలమడుగు, నొస్సం, కోవెలకుంట్ల వరసగా వస్తాయి. మొదటిది గండికోటకు దారి. మిగతా రెండూ కంపెనీ దొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథలోవి.

● ఈ ఊహ కొత్తది కాదు. అలెగ్జాండర్ తూర్పుకు రాకుండా పడమటికి తిరిగి రోము మీద పడి ఉంటే ఏమయ్యేదని రెండువేల ఏళ్ల కిందటే రోమన్ చరిత్రకారుడు లివీ తన గ్రంథం తొమ్మిదో భాగంలో చర్చించాడు. రోమే గెలిచేదని తీర్పు కూడా చెప్పాడు.

● బ్రిటన్ ప్రధాని కాకముందు విన్‌స్టన్ చర్చిల్ కూడా ఇలాంటిది ఒకటి రాశాడు. అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ దగ్గర దక్షిణాది సేనాని లీ ఓడిపోయాడు. చర్చిల్ రచనలో లీ గెలిచిన లోకంలో ఉన్న ఒక చరిత్రకారుడు కూర్చుని, ‘ఒకవేళ లీ ఓడిపోయి ఉంటే’ అని ఊహిస్తుంటాడు. 1931లో వచ్చిన ఒక సంకలనంలో ఇది ఉంది. జర్మనీ, జపాన్ రెండో ప్రపంచ యుద్ధం గెలిచిన అమెరికాను ఫిలిప్ కె. డిక్ 1962లో నవలగా రాస్తే, మరుసటి ఏడు దానికి హ్యూగో అవార్డు వచ్చింది.

● మన దేశంలో ఈ కోవలో అందరికీ తెలిసిన కథ రాసింది ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్. 1761 జనవరి 14న పానిపట్టులో పీష్వా కొడుకు విశ్వాసరావు తుపాకి గుండు తగిలి చనిపోయాడు. మరాఠా సైన్యం చెదిరిపోయింది. నార్లీకర్ కథలో ఆ గుండు విశ్వాసరావు చెవి పక్కగా దూసుకుపోతుంది, అంతే తేడా. మరాఠాలు గెలుస్తారు. ఈస్టిండియా కంపెనీ బొంబాయి, కలకత్తా, మద్రాసుల చుట్టుపక్కలకే పరిమితమవుతుంది. గంగాధర పంత్ గాయితొండే అనే చరిత్ర ఆచార్యుడు ఆ లోకంలోకి జారిపడి, గ్రంథాలయంలో తాను రాసిన చరిత్ర సంపుటాలే తిరగేస్తూ, చరిత్ర ఎక్కడ మలుపు తిరిగిందో వెతుకుతాడు. సీబీఎస్‌ఈ పదకొండో తరగతి పిల్లలు ఇంగ్లీషు వాచకంలో దీన్ని చదువుతారు.

● పానిపట్టుకూ కడపకూ చుట్టరికం ఉంది. 1757లో మరాఠా సేనాని బల్వంతరావు మెహెందళే కడప మీదికి వచ్చాడు. ఆ పోరులో కడప నవాబు అబ్దుల్ మజీద్ ఖాన్ చనిపోయాడు. మూడేళ్లు తిరగగానే, 1760 డిసెంబరులో, అదే మెహెందళే పానిపట్టు దగ్గర అసలు యుద్ధానికి ముందు జరిగిన ఒక పోరులో నేలకొరిగాడు. నార్లీకర్ ఊహించిన లోకాన్ని కాస్త దక్షిణానికి పొడిగించి చూడండి. పానిపట్టు గెలిచిన మరాఠాలు మళ్లీ కడప వైపు చూడకుండా ఉంటారా? ఎర్రగుంట్ల రైతు శిస్తు పుణెకు చేరేదేమో. ఆ కథ రాయడానికి నార్లీకర్ సగం దారి వేసిపెట్టారు.

● ఇక గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న చీల్చుకుని పారే చోట, లోయ అంచున నిలిచిన కోట ఇది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉండేది. 1565లో రక్కసతంగడి దగ్గర అళియ రామరాయలు తల తెగాక విజయనగరం పాడుబడింది, రాజధాని పెనుకొండకు మారింది. గండికోట మాత్రం ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా నిలిచింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు.

ఎలా పట్టుకున్నాడన్న దానికి రెండు కథనాలున్నాయి. మంత్రి పొదిలి లింగన్న ద్రోహం చేసి కోటనేలే చినతిమ్మానాయుడికి విషం పెట్టించాడని స్థానికులు చెప్పుకుంటారు. వజ్రాల వ్యాపారి తావెర్నియే ఇంకోలా రాశాడు. మీర్ జుమ్లా కొలువులో ఉన్న యూరోపియన్ గోలందాజులు కొండ మీదికి ఫిరంగులు ఎక్కించడంతో కోట లొంగిందని ఆయన అంటాడు. ద్రోహమా, ఫిరంగులా? ఏది నమ్మితే ఆ మలుపును మార్చి రాయొచ్చు. నా మటుకు నాకు ఫిరంగుల కథే బలమైనది. విషం కథలో ఒక మనిషి మనసు మారితే సరిపోతుంది. ఆ ఇరుకు కొండదారిలో ఫిరంగి జారి లోయలో పడిందని రాస్తే చరిత్రతో పాటు ఆ నేలను కూడా పాఠకుడికి చూపించవచ్చు.

● తావెర్నియే గండికోటకు వచ్చింది 1652లో, కోట పడి ఎంతో కాలం కాలేదు. మీర్ జుమ్లా డేరాలో చెప్పుల్లేకుండా కూర్చుని, కాలివేళ్ల సందున కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ల సందున మరికొన్ని పెట్టుకుని, ఒక్కొక్కటే తీస్తూ ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతుంటే ఆయన కళ్లారా చూశాడు. ఫిరంగులు పోత పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించాడని, ఆ పని మైయె అనే ఫ్రెంచివాడికి అప్పగించాడని, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు ఎంత చేసినా కరగలేదని, చివరికి ఒక్క ఫిరంగీ సరిగ్గా రాలేదని కూడా రాశాడు. ఇలాంటి వివరం ఉన్నచోట కథకుడు కొత్తగా కల్పించాల్సింది చాలా తక్కువ.

కోట పడలేదనుకుంటే ఆ కథ ఇలా మొదలుకావచ్చు: ముత్యాలు అమ్ముకుందామని వచ్చిన తావెర్నియేను కోటవాకిట మూడు రోజులు ఆపారు. నాలుగో రోజు పిలుపొచ్చింది. లోపల తిమ్మానాయుడు కాగితాలేవీ చూడటం లేదు. లోయలోంచి తాళ్లతో పైకి లాగిస్తున్న గోల్కొండ ఫిరంగి చుట్టూ తిరుగుతూ, ‘దీన్ని పోసినోడు మీ దేశపోడేనా సామీ?’ అని అడిగాడు.

కోట దక్కించుకున్న మీర్ జుమ్లా అక్కడే ఆగిపోయిన మనిషి కాదు. గోల్కొండ సుల్తానుతో చెడి ఔరంగజేబు పక్షాన చేరాడు, బెంగాలు సుబేదారయ్యాడు, అస్సాం దండయాత్ర ముగించుకుని వస్తూ 1663లో చనిపోయాడు. గండికోటలో ఓడి ఉంటే ఇందులో ఎంత జరిగేది? పెన్న ఒడ్డున ఒక్క ఫిరంగి జారితే బ్రహ్మపుత్ర దాకా కథ మారిపోతుంది.

● ఒక దిండు చరిత్రను నిలబెట్టిన సంగతి తెలుసా? 1779లో హైదరలీ కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ మీదికి వచ్చాడు. ఓడిన పఠానుల్లో ఎనభై మంది దాకా ఆయుధాలు వదలమని భీష్మించారు. రాత్రివేళ కాపలావాళ్లను నరికి హైదరలీ డేరా మీదికి దూకారు. అలికిడికి మేల్కొన్న హైదరలీ పొడవాటి దిండును మనిషి పడుకున్నట్టు కప్పిపెట్టి, కత్తితో డేరా గుడ్డను చీల్చుకుని బయటపడ్డాడు. తర్వాత సిద్ధవటం లొంగిపోయింది. మరుసటి ఏడు సెప్టెంబరులో, పొల్లిలూరు దగ్గర, కర్నల్ బెయిలీ నడిపిస్తున్న కంపెనీ సేనను హైదరలీ, టిప్పు కలిసి తుడిచిపెట్టారు. ఆ రాత్రి కత్తి దిండులో కాక మనిషిలో దిగి ఉంటే పొల్లిలూరు జరిగేదే కాదు. కడప జిల్లాలో దీన్ని మించిన కథా బీజం నాకు కనబడలేదు.

● సినిమావాళ్లు రాయలసీమను ఇప్పటికీ ‘సీడెడ్’ అనే లెక్కగడతారు. అది ఓడినవాళ్లు మిగిల్చిపోయిన పేరు. 1792లోనూ 1799లోనూ టిప్పు ఓడిపోయినప్పుడు నిజాముకు వాటాగా వచ్చిన జిల్లాలను, తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు, ఇంగ్లీషులో సీడెడ్ జిల్లాలు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరును మన పెద్దలు ఎత్తుకునేదాకా ఆ పాత పేరుతోనే బతికాం. టిప్పు గెలిచి ఉంటే ఈ రెండు పేర్లూ ఉండేవి కావు.

● మరి బ్రౌన్ ఉండేవాడా? కడప కంపెనీ చేతికి రాకపోతే 1820లో సి.పి. బ్రౌన్ ఇక్కడికి ఉద్యోగానికి వచ్చేవాడు కాదు. కడపలో బంగళా కొని, పండితుల్ని కూర్చోబెట్టి, తాళపత్రాలకు సాపు ప్రతులు రాయించేవాడు కాదు. 1829 నాటి వేమన పద్యాల అచ్చు పుస్తకం, 1852 నాటి నిఘంటువు ఏమయ్యేవి? యుద్ధంలో మనవాళ్లే గెలవాలని కోరుకుంటూ రాసే కథకుడు ఈ నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మంచి ప్రత్యామ్నాయ చరిత్రలో లాభం ఒక్కటే ఉండదు.

● ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన తవర్జీ (భరణం) నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడైన తాత జయరామిరెడ్డి తవర్జీని కంపెనీ రద్దు చేసింది. 1846 జులైలో నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరితీసి, తలను కోట బురుజుకు వేలాడదీశారు. 1877 దాకా అది అలాగే ఉంది. దొరక్కుండా ఇంకో పదేళ్లు నల్లమలలో నిలిచి ఉంటే 1857 నాటికి ఉత్తరాదిలో లేచిన మంటకు దక్షిణాన ఒక నాయకుడు సిద్ధంగా ఉండేవాడు. నిజంగా జరిగి ఉండదగినదే ఇది, అందుకే మనసును ఎక్కువగా కలచివేస్తుంది.

● ఇలాంటి కథ రాయాలనుకుంటే మార్చేది ఒక్కటే మార్చండి. గుండో, దిండో, ఫిరంగో. మిగిలినదంతా నిజం కావాలి: ఊళ్లు, దారులు, తిండి, శిస్తు, మాట తీరు. వాటికి ఆధారాలున్నాయి. కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కడప జిల్లా కైఫీయతులను, అంటే ఊరూరి చరిత్రలను, కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరి కైఫీయతు ఉందేమో వెతకండి. అందులో ఓడినవాడి పేరు కనిపిస్తే, ఈసారి అతన్ని గెలిపించి కథ రాయండి.