సంఘపు లెక్క యెచ్చట నుండవలెను?

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల పుస్తకములు కంప్యూటరులోనికి మాఱుచున్నవి. 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన ఈ పథకము నంగీకరించినది. ఇందలి సాఫ్ట్‌వేరు క్లౌడ్ పద్ధతిది. అప్పులకును వాటాలకును ఆ పద్ధతియే తగినది. కాని విత్తనముల పంపకమునకో, పైరు పరిశీలనకో సొంత యాప్ చేయించుకొనగోరు సంఘములు రెండవ పద్ధతిని గూడ తూచి చూడవలెనని మేము తలచుచున్నాము.

క్లౌడ్ పద్ధతిలో అసలు లెక్క దూరమున నుండు సర్వరులో నుండును. అందఱి ఫోనులును దానినే అడుగును. పీర్-టు-పీర్ పద్ధతిలో ప్రతి ఫోనునందును ఒక ప్రతి యుండును. ఇరుగుపొరుగు రైతులు విత్తనములు మార్చుకొనునట్లు ఫోనులు తమలో తాము క్రొత్త వ్రాతలను మార్చుకొనును. ఒకే వైఫై క్రిందనున్నచో దీనికి ఇంటర్నెట్టుతో పనిలేదు.

ఇక ఒక లెక్క చూతము. గిడ్డంగిలో 40 బస్తాల మినుము విత్తనము గలదు. సంబంధము తెగియున్నపుడు ఇద్దఱు గుమాస్తాలు వేర్వేఱు గ్రామములలో చెఱి 30 బస్తాలకు చీటీలు వ్రాసిరి. తరువాత ఫోనులు కలిసికొని రెండు వ్రాతలను జతపఱచును. గిడ్డంగిలో మాత్రము 20 బస్తాలు తక్కువపడును. యంత్రము వ్రాతలను కలుపగలదు గాని విత్తనమును పుట్టింపలేదు. క్లౌడ్ పద్ధతిలో సర్వరు రెండవ చీటీని త్రోసిపుచ్చును. కాని సంబంధము లేనిచో ఒక్క చీటీయు వ్రాయుటకు వీలుండదు. దీనికి మధ్యమార్గము కలదు: ముందుగానే చెఱి 20 బస్తాలు కేటాయించి, ఎవరి భాగమునకు వారే చీటీ లీయవలెను.

పైరు పరిశీలన యట్టిది కాదు. ఒక సభ్యుడు తన వరిలో దోమపోటు కలదనియు, వేఱొకడు తన చేనిలో లేదనియు వ్రాసినచో రెండును నిలుచును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుఫాను బాపట్ల చెంత తీరము దాటినది. అట్టి దినములలో కరెంటును టవరును ఆగినను, పడిపోయిన చేని వివరము ఆనాడే ఫోనులో వ్రాసియుంచుకొనవలెను. ఇచ్చట రెండవ పద్ధతి మేలు.

అయితే దానికిని లోపములు గలవు. రెండు ఫోనులు ఒకే సమయమున మేలుకొని యుండవలెను. కలిసికొనకమునుపే ఫోను నీటబడినచో అందలి వ్రాత పోవును. సంఘము విడిచిన సభ్యుని చేతిలోని ప్రతిని తిరిగి పుచ్చుకొనుట దుర్లభము. కావున సంఘ కార్యాలయమున ఒక కంప్యూటరును ఎల్లప్పుడును తెఱచియుంచి, దానిని గూడ ఒక జతగానిగా చేర్చుట మంచిది. క్లౌడ్ పద్ధతిలోనో, చందా కట్టకున్నను, కంపెనీ సేవ మానినను లెక్క చేజాఱును. నెలకొక మాఱు పూర్తి ప్రతిని సంఘపు సొంత డిస్కులోనికి దింపుకొనవలెను.

సభ్యులారా, యాప్ చేయువానిని ముందుగా మూడు ప్రశ్న లడుగుడు. సంబంధము తెగినపుడు ఏ పని సాగును? ఇద్దఱు ఒకే దానిని మార్చినచో ఎవరి మాట నిలుచును? మీరు మానుకొన్నచో మా లెక్క మా చేతికెట్లు వచ్చును? ఈ మూడింటికిని వ్రాతమూలముగా బదులు వచ్చిన పిమ్మటనే సంఘపు సొమ్ము చెల్లింపుడు.