తాత్కాలికం అన్నారు... 43 ఏళ్లు సాగింది!

ప్రభుత్వం నోట ‘తాత్కాలికం’ అన్న మాట వినబడితే జనం ఎక్కడైనా ఓ నవ్వు నవ్వుకుంటారు. తైవాన్‌లో అలా నవ్వాలన్నా గుండె ధైర్యం కావాల్సిన రోజులుండేవి. 1948 మేలో, చైనాలో అంతర్యుద్ధం సాగుతుండగా, చియాంగ్ కైషేక్ సర్కారు రాజ్యాంగాన్ని కొంత పక్కనబెట్టి ‘తాత్కాలిక నిబంధనలు’ తెచ్చింది. మరుసటి ఏడాది చివరికి కమ్యూనిస్టుల చేతిలో ఓడి తైవాన్ చేరింది. నిబంధనలూ వెంట వచ్చాయి. అవి రద్దయింది 1991 మేలో! అధ్యక్ష పదవి రెండుసార్లకు మించి వద్దన్న నియమానికి 1960లో మినహాయింపు ఇచ్చుకున్నదీ వీటి అండతోనే. చియాంగ్ 1975లో కన్నుమూసేదాకా గద్దె దిగలేదు.

సైనిక శాసనానిదీ అదే తీరు. 1949 మే 20న మొదలై 1987 జులై 15 దాకా, 38 ఏళ్లకు పైగా నడిచింది. అప్పటికి ప్రపంచంలో అదే రికార్డు. ఆ తర్వాత సిరియా అత్యవసర పరిస్థితి (1963–2011) దాన్ని దాటేసింది. కొత్త పార్టీలు పెట్టడం నిషేధమైన ఆ కాలంలోనే, 1986 సెప్టెంబరు 28న తైపేలోని గ్రాండ్ హోటల్‌లో సమావేశమైన ప్రతిపక్ష నాయకులు డెమోక్రటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ పుట్టిందని ప్రకటించేశారు. సర్కారు ఎందుకో చూసీ చూడనట్టు ఊరుకుంది.

అన్నిటికన్నా వింత పార్లమెంటుది. 1947, 48లలో చైనా అంతటా గెలిచిన సభ్యుల్లో ఎందరో తైవాన్‌కు వచ్చేశారు. వాళ్ల నియోజకవర్గాలు మాత్రం కమ్యూనిస్టుల ఏలుబడిలోకి పోయాయి. అక్కడ ఎన్నికలు పెట్టే వీల్లేదు, కాబట్టి మీరే కొనసాగండన్నారు. వాళ్లూ కొనసాగారు, నాలుగు దశాబ్దాలకు పైగా! ఎవరైనా చనిపోతే ఆనాటి ఎన్నికల్లో ఓడినవాణ్ని వెతికి ఆ కుర్చీలో కూర్చోబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. కాలుపెట్టలేని ఊళ్లకు ప్రతినిధులు, ఓటెయ్యలేని జనానికి నాయకులు. చివరికి చక్రాల కుర్చీల్లో సభకు వచ్చేవారు. జనం దీనికి ‘పదివేల ఏళ్ల పార్లమెంటు’ అని పేరు పెట్టుకున్నారు. ఈ తంతు ఇక చాలంటూ 1990 మార్చిలో విద్యార్థులు తైపే నడిబొడ్డున బైఠాయించారు. అదే ఏడాది రాజ్యాంగ న్యాయమూర్తులు గడువు విధించడంతో 1991 డిసెంబరు 31న ఈ వృద్ధులంతా ఇంటిదారి పట్టారు.

కుర్రకారు వచ్చాక సభ ప్రశాంతంగా ఉందా అంటే అదీ లేదు. పిడిగుద్దులు, కాలితన్నులు ఎంత మామూలయ్యాయంటే, 1995లో తైవాన్ పార్లమెంటుకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి దక్కింది. యుద్ధాలు చేసేకన్నా నేతలు తమలో తాము కొట్టుకోవడమే లాభమని నిరూపించినందుకట! 2020లో ప్రతిపక్షం సభలో పంది పేగులు విసిరింది కూడా.

దశాబ్దాలు సాగినవాటి సంగతి ఇదైతే, అల్పాయుష్షు ప్రభుత్వం రికార్డు 1895 నాటిది. చింగ్ రాజవంశం ఈ దీవిని జపాన్‌కు అప్పగించగానే, స్థానిక పెద్దలు మే 25న ‘ఫార్మోజా గణతంత్రం’ ప్రకటించారు. నీలం జెండా మీద పసుపు పులి, తపాలా బిళ్లల మీదా పులే. అధ్యక్షుడు మాత్రం పట్టుమని రెండు వారాలు తిరక్కుండానే చైనాకు పారిపోయాడు. అక్టోబరులో జపాన్ సేన తైనాన్‌లో అడుగుపెట్టడంతో కథ అయిదు నెలల్లోపే ముగిసింది.

చైనా తీరానికి ఆనుకుని ఉన్నా తైవాన్ చేతిలోనే ఉన్న కిన్మెన్ దీవిది ఇంకో రకం రికార్డు. 1958 ఆగస్టు 23 నుంచి 44 రోజుల్లో అక్కడ దాదాపు 4.7 లక్షల ఫిరంగి గుండ్లు కురిశాయి. తర్వాత చైనా బేసి తేదీల్లోనే కాల్చడం అలవాటు చేసుకుంది, అదీ ఎక్కువగా ప్రచార కరపత్రాలు నింపిన గుండ్లు. ఈ తిథివార యుద్ధం 1979 జనవరి 1 దాకా సాగింది. ఆ గుండ్ల ఉక్కుతో కమ్మరులు చేసిన వంటింటి కత్తులు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

తైవాన్ జనం తొలిసారి నేరుగా అధ్యక్షుణ్ని ఎన్నుకున్నది 1996లో. అంతకు కొద్ది రోజుల ముందే చైనా క్షిపణులు సముద్రంలో పడినా 76 శాతం మంది ఓటేశారు. 2004లో పోలింగుకు ముందురోజు అధ్యక్షుడు చెన్ షూయ్-బియన్‌పై కాల్పులు జరిగాయి. మర్నాడు ఆయన 29,518 ఓట్ల తేడాతో గెలిచారు. చెల్లని ఓట్లేమో 3.37 లక్షలు! ఇక రచ్చకు కొదవేముంది? 2016లో సై ఇంగ్-వెన్ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. స్వలింగ వివాహాలకు ఆసియాలో మొదట చట్టబద్ధత కల్పించిందీ ఆమె హయాంలోనే, 2019లో.

1971 దాకా ఐక్యరాజ్యసమితిలో చైనా స్థానం, వీటో అధికారంతో సహా, ఈ తైపే ప్రభుత్వానిదే. 2024 జనవరిలో నౌరు తప్పుకున్నాక దీన్ని అధికారికంగా గుర్తించే దేశాలు 12 మిగిలాయి. యూరప్‌లో వాటికన్ ఒక్కటే. వాటిలో భారత్ లేదు గానీ, 1995 నుంచి తైపేలో మనకూ ఓ కార్యాలయం ఉంది. దాని పేరు ‘ఇండియా–తైపే అసోసియేషన్’. రాయబార కార్యాలయం అని మాత్రం ఎక్కడా రాయరు.