రొదలో గుండె సంకేతం: రెసిస్టర్ల విలువలు ఎలా ఎంచుకోవాలి?

హౌరా నుంచి ఖరగ్‌పూర్ వైపు బయలుదేరిన రైలు మొదట దాటే స్టేషన్ టికియాపారా. సికింద్రాబాద్‌కు వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌ది కూడా ఇదే దారి. పట్టాల పైన తీగల్లో 25,000 వోల్టుల ఏసీ విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంటుంది. మన ఇంటి వైరింగ్‌లోనూ అదే 50 హెర్ట్జ్. ఇలాంటి తీగల దగ్గర మన శరీరం ఒక యాంటెనాలా ఆ రొదను పట్టుకుంటుంది.

గుండె కొట్టుకున్నప్పుడు చర్మం మీద కనిపించే వోల్టేజీ సుమారు 1 మిల్లీవోల్టు మాత్రమే. రొద 100 మిల్లీవోల్టులు ఉందనుకుందాం. ఈసీజీ యంత్రం ఆ చిన్న సంకేతాన్ని ఎలా వేరు చేస్తుంది? రొద రెండు ఎలక్ట్రోడ్లకూ దాదాపు సమానంగా చేరుతుంది, గుండె సంకేతం మాత్రం వాటి మధ్య తేడాగా వస్తుంది. తేడాను పెంచి, ఉమ్మడిగా వచ్చినదాన్ని అణచే సర్క్యూటే డిఫరెన్షియల్ యాంప్లిఫయర్. బ్రిటిష్ ఇంజినీరు అలన్ బ్లమ్‌లైన్ 1936లో పేటెంటు కోరిన 'పొడవు తోక జంట' ఈ కోవలోదే.

ఒక నమూనా లెక్క చూద్దాం. రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, +12, −12 వోల్టుల సరఫరా తీసుకుందాం. రెండు ఎమిటర్లూ కలిసే చోటు నుంచి −12కు వెళ్లేది తోక రెసిస్టర్. బేస్‌లు సున్నా వద్ద ఉంటే దాని మీద 11.4 వోల్టులు పడతాయి. 12 కిలోఓమ్‌లు పెడితే 0.95 మిల్లీఆంపియర్ ప్రవహిస్తుంది, ఒక్కో ట్రాన్సిస్టర్‌కు దాదాపు 0.475. అవుట్‌పుట్ రెండు వైపులా ఊగాలంటే కలెక్టర్ సరఫరాలో సగం దగ్గర ఉండాలి. కనుక కలెక్టర్ రెసిస్టర్ కూడా 12 కిలోఓమ్‌లు సరిపోతుంది.

ఎమిటర్ లోపలి నిరోధం, 25 మిల్లీవోల్టులను కరెంటుతో భాగిస్తే, సుమారు 53 ఓమ్‌లు. ఒక కలెక్టర్ నుంచి అవుట్‌పుట్ తీసుకుంటే తేడా దాదాపు 113 రెట్లు పెరుగుతుంది. ఉమ్మడి రొద సగమవుతుంది. అంటే గుండె సంకేతం 113 మిల్లీవోల్టులు, రొద 50. ఇలాంటి గీతను డాక్టరు చదవలేరు.

మరి తోక రెసిస్టర్‌ను పదింతలు చేస్తే? కరెంటు పదో వంతవుతుంది. కలెక్టర్ రెసిస్టర్‌నూ పదింతలు చేయాలి. చివరికి రెండు పెంపులూ మొదటి విలువలకే వస్తాయి! ఎందుకంటే వాటి నిష్పత్తి తోక మీద పడే వోల్టేజీ మీదే ఆధారపడుతుంది. అది 228 దగ్గరే ఆగిపోతుంది. 20,000 కావాలంటే తోక మీద 1,000 వోల్టులు పడాలి.

అందుకే తోక స్థానంలో మూడో ట్రాన్సిస్టర్‌ను కరెంట్ సోర్స్‌గా పెడతారు. దాని బేస్‌కు భూమి నుంచి 10 కిలోఓమ్‌లు, −12కు 2.7 కిలోఓమ్‌లు, ఎమిటర్‌లో 2.2 కిలోఓమ్‌లు ఇస్తే సుమారు 0.9 మిల్లీఆంపియర్ వస్తుంది. కానీ వోల్టేజీ మార్పుకు అది మిలియన్ ఓమ్‌ల స్థాయి నిరోధంలా ప్రవర్తిస్తుంది. రొద మిల్లీవోల్టు కంటే తక్కువకు పడిపోతుంది. ట్రాన్సిస్టర్ల జంట సరిపోలకపోతే ఈ మెరుగు కొంత తగ్గుతుంది.

ఈ నమూనాను సిగ్నల్ జనరేటర్‌తోనే పరీక్షించండి, శరీరానికి తగిలించకండి. అసలు ఈసీజీ యంత్రాల్లో రోగిని విద్యుత్ సరఫరా నుంచి విడిగా ఉంచే రక్షణ ఏర్పాట్లు ఉంటాయి.