శంషాబాద్ షికారు: విన్నదొకటి, ఉన్నదొకటి

ఆదివారం సాయంత్రం అత్తాపూర్ దాటి ఆరాంఘర్ వైపు సాగే బళ్లన్నీ విమానం ఎక్కడానికి వెళ్లేవి కావు. ఆలుమగలు, పెళ్లి కుదిరినవాళ్లు, ఇంకా ఒకరినొకరు తెలుసుకుంటున్నవాళ్లు కూడా ఆ దారిలోనే పోతుంటారు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. ఆ మండల కేంద్రం చుట్టూ వెడల్పాటి రోడ్లు, హోటళ్లు, కాఫీ షాపులు, రిసార్టులు వెలిశాయి. వాటితోపాటే ఆ నోటా ఈ నోటా పడిన మాటలూ పెరిగాయి. అవి నమ్మి కొందరు అటు వెళ్లడమే మానుకుంటారు. కొందరు బిల్లు దగ్గర మోసపోతారు. ఇంకొందరు చలానాతో ఇంటికొస్తారు. ఇద్దరూ బయల్దేరేముందు ఈ కాసిని సంగతులు తెలిస్తే చాలు.

అపోహ: విమానం టికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టులో అడుగుపెట్టనివ్వరు.

వాస్తవం: టికెట్, గుర్తింపు కార్డు అడిగేది టెర్మినల్ తలుపు దగ్గర సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది. ఆ తలుపు ఇవతల ఉన్న ఆవరణకు ఎవరైనా రావచ్చు. వచ్చేవాళ్ల కోసం బంధువులు ఎదురుచూసే చోట, పార్కింగ్ పక్కన టీ, కాఫీ, టిఫిన్ దొరుకుతాయి. విమానాశ్రయం దగ్గర్లోని నొవోటెల్ లాంటి పెద్ద హోటళ్ల రెస్టారెంట్లు కూడా అక్కడ గది తీసుకున్నవాళ్లకే పరిమితం కావు. బయటివాళ్లూ వెళ్లి భోంచేయొచ్చు. అంత ఖర్చు వద్దనుకుంటే, బెంగళూరు హైవే మీది శంషాబాద్ ఊళ్లో మామూలు టిఫిన్ సెంటర్లూ ఇరానీ చాయ్ హోటళ్లూ ఉండనే ఉన్నాయి. ఎయిర్‌పోర్టు వచ్చినంత మాత్రాన ఊరి ఇడ్లీకి విమానం రేటు రాలేదు.

అపోహ: మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టులో దిగొచ్చు.

వాస్తవం: రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు మెట్రో వేస్తామని 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక ఆ దారి పక్కనపెట్టి నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్త దారి ప్రతిపాదించారు. రైలు మాత్రం ఇంకా రాలేదు. ప్రస్తుతానికి నమ్మకమైనవి ఆర్టీసీ పుష్పక్ ఏసీ బస్సులు. ఎంఎంటీఎస్‌ను 2023 ఏప్రిల్‌లో ఉందానగర్ దాకా పొడిగించారు గానీ, ఆ స్టేషన్ ఉన్నది శంషాబాద్ ఊరి వైపు. అక్కడి నుంచి టెర్మినల్‌కు ఆటోనో క్యాబో పట్టుకోవాల్సిందే.

అపోహ: బండి మీద ఓఆర్‌ఆర్ ఎక్కి చల్లగాలికి తిరగొచ్చు.

వాస్తవం: 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. అక్కడ కార్ల వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్ల దాకా ఉంది. ఆ వేగంతో దూసుకొచ్చే బళ్ల మధ్య స్కూటీ నడపడం ప్రాణాంతకం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ ఎక్స్‌ప్రెస్ వేకీ ఇదే నియమం. బండి మీద వెళ్లే జంట ఆ ఫ్లైఓవర్ కింద, పిల్లర్ నంబర్లే అడ్రసులుగా చెలామణి అయ్యే రోడ్డు పట్టుకుని ఆరాంఘర్ చేరి, అక్కడి నుంచి బెంగళూరు హైవే మీదుగా శంషాబాద్ వెళ్లొచ్చు. ఓఆర్‌ఆర్ పక్కన సర్వీసు రోడ్డు మీద కూడా బళ్లకు అడ్డు లేదు. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ ఉండాలి. "దగ్గరే కదా" అన్న మాట చలానా రాసే కెమెరాకు వినపడదు.

అపోహ: కారు పక్కకు ఆపి విమానాలు దిగడం చూస్తే ఎవరూ ఏమీ అనరు.

వాస్తవం: ఓఆర్‌ఆర్ అంచున ఉన్న ఖాళీ జాగా చెడిపోయిన బళ్ల కోసం, అత్యవసరాల కోసం. సెల్ఫీల కోసమో ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ కోసమో అక్కడ బండి ఆపడం నిషిద్ధం. ఆగివున్న బండిని వెనక నుంచి గుద్దిన ప్రమాదాలు ఓఆర్‌ఆర్ మీద కొత్త కాదు. విమానాలు చూడాలన్న సరదా ఉంటే ఎగ్జిట్ దగ్గర కిందికి దిగి, ఏదో ఒక హోటల్ ఆవరణలో బండి పెట్టుకుని తీరిగ్గా చూడండి. ఇక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దిగే విమానం చక్రాలు బయటపెట్టి తలమీదుగా పోతుంటే పేరు చదువుకునేంత దగ్గరగా కనిపిస్తుంది.

అపోహ: ఎయిర్‌పోర్టులో ఎమ్మార్పీ ఉండదు, ఎంతంటే అంత ఇవ్వాల్సిందే.

వాస్తవం: ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. దుకాణంలో ప్యాకెట్టో సీసానో కొంటే దాని మీద అచ్చేసిన ధరకు మించి తీసుకోకూడదు, అది ఎయిర్‌పోర్టయినా సరే. ఒకే సరుకుకు బజారులో ఒక ఎమ్మార్పీ, ఎయిర్‌పోర్టులో మరో ఎమ్మార్పీ వేయడాన్ని 2018 జనవరి 1 నుంచి తూనికలు కొలతల నిబంధనలు నిషేధించాయి. కానీ కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసు పెట్టి వడ్డించే హోటల్ లేదా రెస్టారెంట్ నీళ్లసీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ కొనేది సీసాతోపాటు ఆ సేవను కూడా అన్నది కోర్టు తర్కం. అందుకని కౌంటర్ మీద ఎమ్మార్పీ గురించి నిలదీయండి. టేబుల్ దగ్గరైతే ముందే మెనూ చూసి, సీసా వద్దనుకుంటే మామూలు నీళ్లు అడగండి.

అపోహ: సర్వీస్ చార్జ్ ప్రభుత్వానికి కట్టే పన్ను.

వాస్తవం: జంటల జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఈ అపోహే. పాత సర్వీస్ ట్యాక్స్ 2017 జులైలో జీఎస్టీ రాకతో పోయింది. బిల్లులో ఇప్పుడు కనిపించే సర్వీస్ చార్జ్ హోటల్ తనకు తాను వేసుకునే మొత్తం. దాన్ని బిల్లులో తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది.

ఒక బిల్లు చేతిలోకి తీసుకుని చూద్దాం. ఇద్దరూ కలిసి 1,000 రూపాయల భోజనం చేశారు. సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ రెండున్నర శాతం, వెరసి 50 రూపాయలు. కట్టాల్సింది 1,050. అదే బిల్లులో పది శాతం సర్వీస్ చార్జ్ చేరిస్తే 1,100 అవుతుంది. జీఎస్టీ ఆ 1,100 మీద పడుతుంది కనుక 55 రూపాయలు. మొత్తం 1,155. అడగని 100 రూపాయలకు మరో అయిదు రూపాయల పన్ను కూడా మీరే కట్టారన్నమాట.

"ఏవండీ, ఈ వంద దేనికి వేశారు?" అని ఆవిడ అడిగితే, "ఊరుకో, నలుగురిలో బాగుండదు" అని ఆయన కార్డు తీస్తాడు. అలా సర్దుకుపోనక్కర్లేదు. వద్దని చెబితే తీసేయాలి. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. వడ్డించిన అబ్బాయి మర్యాద నచ్చిందా, టిప్పు అతని చేతికే ఇవ్వండి.

జీఎస్టీ విషయంలోనూ రెండు మెలికలున్నాయి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్‌లోని రెస్టారెంట్‌లో 5 శాతం కాదు, 18 శాతం పడుతుంది. ఎయిర్‌పోర్టు చుట్టూ స్టార్ హోటళ్లున్నాయి కాబట్టి ఈ తేడా ఇక్కడ తగలొచ్చు. రెండోది చిన్న కేఫ్‌ల సంగతి. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపొజిషన్ పథకంలో చేరినవాళ్లు కస్టమర్ నుంచి జీఎస్టీ వసూలు చేయకూడదు. ఆ విషయం బిల్లు మీదే రాయాలి కూడా. కింద ఆ మాట ఉండి, పైన పన్ను కలిపివుంటే అడిగే హక్కు మీది.

అపోహ: పెళ్లికాని జంట కేఫ్‌లో కూర్చున్నా, హోటల్ గది తీసుకున్నా నేరమే.

వాస్తవం: వయసొచ్చిన ఇద్దరు కలిసి కాఫీ తాగడానికో, భోంచేయడానికో, గది తీసుకోవడానికో పెళ్లి సర్టిఫికెట్ కావాలని ఏ చట్టమూ చెప్పదు. పెళ్లికాని ఆడా మగా ఒకే గదిలో ఉండడాన్ని నిషేధించే చట్టమేదీ లేదని 2019లో మద్రాసు హైకోర్టు కూడా తేల్చింది. ఇద్దరి గుర్తింపు కార్డులూ చూపించడం మాత్రం తప్పనిసరి. గది ఇవ్వడం ఇవ్వకపోవడం మీద కొన్ని హోటళ్లు సొంత నియమాలు పెట్టుకుంటాయి, బుక్ చేసేముందే కనుక్కోవడం మంచిది. బహిరంగంగా ఇతరులకు ఇబ్బంది కలిగించే అసభ్య చేష్టలకు భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ఉంది. పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం ఆ లెక్కలోకి రాదు. 2014 అక్టోబరులో మొదలైన పోలీసు షీ టీమ్స్ పని వేధించేవాళ్లను పట్టుకోవడం, జంటలను కాదు. ఎవరైనా అల్లరి పెడితే 100 గానీ 112 గానీ నొక్కండి.

అపోహ: అటు వెళ్తే తిండి తప్ప చూసేదేముంది?

వాస్తవం: ముచ్చింతల్‌లోని సమతామూర్తి రామానుజుల విగ్రహాన్ని ప్రధాని 2022 ఫిబ్రవరి 5న ఆవిష్కరించారు. కూర్చున్న విగ్రహాల్లో ప్రపంచంలోకెల్లా ఇదే ఎత్తయినదని కొందరు చెబుతారు, అది నిజం కాదు. థాయిలాండ్‌లోని ఆంగ్‌థాంగ్ బుద్ధుడు 92 మీటర్లు, అంటే మూడొందల అడుగుల పైమాటే. సమతామూర్తి ఎత్తు 216 అడుగులన్నది కూడా పీఠంతో, త్రిదండంతో కలిపి చెప్పే లెక్క. భద్రవేది 54, పద్మపీఠం 27, పైన త్రిదండం 135. మూర్తి మాత్రం 108 అడుగులు. చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలున్నాయి, నడక ఎక్కువ. ఎండ తగ్గాక వెళితే హాయి.

నర్కుడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి గోపురాన్ని తెరమీద చూసి సెట్ అనుకునేవాళ్లున్నారు. ఏడంతస్తుల ఆ గోపురం అసలైనదే. పూజలు జరిగే పాత గుడి అది, ముందు కోనేరుంది. షూటింగులకు వాడుకున్నది తర్వాతి సంగతి. ఇంకాస్త దూరం వెళ్లగలిగితే నందిగామ మండలం చేగూరు పక్కన కన్హా శాంతివనం ఉంది. అక్కడి ధ్యానమందిరం 2020లో మొదలైంది. ఒకేసారి లక్ష మంది కూర్చోవచ్చంటారు. కేరింతలు కావాలంటే రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా వినోద పార్కు ఉంది.

అపోహ: హిమాయత్‌సాగర్ షికారు కోసం కట్టిన చెరువు, దిగి ఆడుకోవచ్చు.

వాస్తవం: 1908 సెప్టెంబరు మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక, మళ్లీ అలా జరగకుండా కట్టిన రెండు జలాశయాల్లో ఇదొకటి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. తాగునీటికీ అవే ఆధారమయ్యాయి. ఒడ్డు చూడముచ్చటగా ఉంటుంది కానీ లోతు ఎక్కడ మొదలవుతుందో పైకి తెలియదు. వానాకాలంలో గేట్లెత్తితే చూడ్డానికి జనం ఎగబడతారు. అప్పుడే దిగువన ఓఆర్‌ఆర్ సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆపేస్తుంటారు. గేట్లెత్తారన్న వార్త వింటే ఆ దారి మానుకోండి.

అపోహ: ప్రీవెడ్డింగ్ షూట్‌కు చిన్న డ్రోన్ ఎగరేస్తే ఎవరికి తెలుస్తుంది?

వాస్తవం: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపల, ఏ ఎత్తులోనైనా, అనుమతి లేకుండా స్వేచ్ఛగా ఎగరేసుకునే జోన్ లేదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకానే. ఫొటోగ్రాఫర్ "మేం చూసుకుంటాం" అంటే, అనుమతి పత్రం చూపించమనండి.

అపోహ: భోజనంతోపాటు ఒక్క బీరే కదా, నిమ్మరసం తాగితే మెషీన్‌లో రాదు.

వాస్తవం: 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మెషీన్ కొలిచేది నోటివాసనను కాదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిలోని ఆల్కహాల్‌ను. నిమ్మరసం, తమలపాకు, బబుల్‌గమ్ దాన్ని తగ్గించలేవు. తగ్గించేది గడిచే సమయం ఒక్కటే. ఎవరు నడపాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఇద్దరికీ తాగాలనుంటే క్యాబ్ మాట్లాడుకోండి.

ఇవేవీ కొరుకుడుపడని చట్టాలు కావు. మెనూ అడిగి తెచ్చుకున్నట్టే బిల్లునూ అడిగి చదవడం, ఏ రోడ్డెక్కాలో ముందే చూసుకోవడం, భయపడక్కర్లేని చోట భయపడకపోవడం. ఇంతమాత్రం చేస్తే శంషాబాద్ వైపు పోయిన సాయంత్రంలో వాదనలకు కాకుండా కబుర్లకే ఎక్కువ టైం మిగులుతుంది.